సెలవునాటి ముచ్చట్లు: చిల్కాలో డాల్ఫినులు

సంక్రాంతి సెలవుల్లో మేము చిల్కా వెళ్ళివచ్చినట్లు తెలిసిన దగ్గరనుంచి మన సంఘంలో అందరూ అడుగుతున్నది ఒక్కటే ప్రశ్న: "డాల్ఫినులు నిజంగా కనబడతాయా, లేక అది పడవవాళ్ళు డబ్బుకోసం చెప్పే మాటా?" గుడిదగ్గర అడిగారు, కూరగాయల బజారులో అడిగారు, ఆఫీసులో మా పెద్ద గుమాస్తాగారు ఫైలు మధ్యలో తలయెత్తి అడిగారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పడంకన్నా యీ నెల యీ పేజీ దానికే కేటాయించడం మేలని తోచింది.

కనబడతాయి. కాని కనబడడమంటే మనవాళ్ళలో చాలామందికి వున్న వూహ వేరు, అక్కడ జరిగేది వేరు. ఆ తేడా తెలియక వెళ్ళినవారు ముఖం వేలాడేసుకొని తిరిగిరావడమేగాక, ఆ నోరులేని జీవాలకు తమకు తెలియకుండానే కొంత కీడు చేసి వస్తున్నారు. వచ్చే కార్తికంలో మన సంఘం వనభోజనాలకు అక్కడికే వెళ్ళాలని కార్యదర్శిగారు అనుకుంటున్నారు గనుక యీ సంగతి కొంచెం వివరంగానే రాస్తున్నాము.

బరంపురంవాళ్ళకు చిల్కా అనగానే రంభ, బాలుగావ్ గుర్తుకు వస్తాయి. రైలు కిటికీలోనుంచి చిన్నప్పటినుంచీ చూస్తూ వచ్చిన నీళ్ళు అవే. కాళీజాయి అమ్మవారి దర్శనానికి పడవ ఎక్కేది కూడా ఆ వైపునుంచే. డాల్ఫినులకోసం మాత్రం సరస్సుకు ఆవలి అంచున, సముద్రం పక్కగా వున్న సతపడాకు వెళ్ళాలి. పూరీమీదుగా అయితే పూరీనుంచి సుమారు 50 కిలోమీటర్లు; జగన్నాథస్వామి దర్శనం కూడా కలిసివస్తుంది. మేము పెద్దవాళ్ళు, పిల్లలు కలిసి పదకొండుమందిమి ఒక వ్యాను మాట్లాడుకొని, గంజాం దాటి పాలూరు వైపు తిరిగి, సముద్రానికీ సరస్సుకూ నడుమ పరచుకొని వున్న సన్నని నేలమీదుగా జాన్హికుదా చేరాము. అక్కడ వ్యానునూ మనుషులనూ సామానునూ కలిపి బల్లకట్టుమీద ఎక్కించి సతపడాలో దింపుతారు. పిల్లలకు డాల్ఫినులకన్నా ముందు యీ బల్లకట్టే పెద్ద వేడుక అయింది. వ్యానుతో సహా నీళ్ళమీద పోవడం వాళ్ళు అదే మొదటిసారి చూడడం.

చిల్కా ఎంత పెద్దదో ఒడ్డునుంచి చూస్తే అంతుపట్టదు. పూరీ, ఖుర్దా, గంజాం మూడు జిల్లాల్లో విస్తరించి, వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటి, వేసవిలో 900 చిల్లరకు తగ్గుతుంది. ఏళ్ళు తెచ్చే మంచినీరు ఒక వైపునుంచి, సముద్రపు ఉప్పునీరు మరొక వైపునుంచి వచ్చి కలిసే చోటు అది. విస్తీర్ణం అంత వున్నా లోతు స్వల్పం. వేసవిలో చాలాచోట్ల మనిషి నిలబడితే తల మునగదు. యీ లోతు సంగతి గుర్తుంచుకోండి. దీనితో ముందు పని వున్నది.

అక్కడి పడవలు చూడదగ్గవి. పొడవాటి నాటుపడవ, పైన ఎండకు ఒక చిన్న పందిరి, వెనుక ఒక ఇంజను. ఆ ఇంజనునుంచి ఒక పొడుగాటి ఇనుప కడ్డీ వాలుగా నీళ్ళలోకి దిగుతుంది. దాని చివర ఫ్యాను రెక్కలు. నీరు పలచబడ్డ చోట సరంగు కడ్డీని పైకెత్తి పోనిస్తాడు. లోతులేని సరస్సుకు తగిన ఏర్పాటే అది, కాదనలేము. కాని ఆ రెక్కలు తిరిగేది నీటి పైభాగాన, సరిగ్గా డాల్ఫిన్ ఊపిరికోసం పైకి వచ్చే చోట. పైగా దాని చప్పుడు! మా వదినగారు పక్కనే కూర్చున్న పిల్లవాణ్ణి మంచినీళ్ళ చెంబు అడిగితే వాడు చెప్పులు తీసి యిచ్చాడు.

యిక అసలు జంతువు సంగతి. సినిమాల్లో, క్యాలెండరు బొమ్మల్లో చూచే డాల్ఫిన్‌కు పొడుగైన ముక్కు వుంటుంది. గాలిలోకి ఎగిరి పల్టీ కొడుతుంది. చిల్కా డాల్ఫిన్ ఆ కుటుంబంలోదే అయినా తీరు వేరు. ముక్కు లేదు. తల గుండ్రంగా, నున్నగా వుంటుంది. ఒళ్ళు బూడిదరంగు. వీపుమీద నడుముకు కొంచెం వెనుకగా చిన్న మూడుకోణాల రెక్క. పెద్దది రెండు మీటర్లనుంచి రెండుమ్ముప్పావు మీటర్ల పొడవు వుంటుంది. స్వభావం బిడియం. ఎగరడం అరుదు. ఊపిరి తీసుకోవడానికి తల, వీపు పైకి తెచ్చి, మళ్ళీ నెమ్మదిగా జారిపోతుంది. మనకు కనబడేది రెండు మూడు క్షణాలు. పల్టీలకోసం వెళ్ళినవారు దీనిని చూచి కూడా చూడలేదనే అంటారు.

దీని పేరు ఐరావతి డాల్ఫిన్. బర్మాలోని ఐరావతి నదిలో వుండడంవల్ల ఆ పేరు వచ్చింది. రంగం అంటే మన యిళ్ళల్లో తెలియనివారెవరు? గోపాలపురంలో ఓడ ఎక్కి రంగం వెళ్ళి వచ్చిన తాతలు మన వీధికి ఇద్దరు ముగ్గురైనా వుండేవారు. అయితే చాలామందికి తెలియని విషయం ఒకటి వున్నది. యీ జంతువును శాస్త్రరీత్యా వర్ణించి పేరుపెట్టినవారు రిచర్డ్ ఓవెన్ అనే ఆంగ్ల పండితుడు, 1866లో. ఆయనకు ఆధారమైన నమూనా దొరికింది ఐరావతిలో కాదు, మన విశాఖపట్నం రేవులో, 1852లో. దానిని సేకరించినవారు వాల్టర్ ఎలియట్ దొరగారు, ఉత్తర సర్కారులకు కమీషనరుగా పనిచేసినవారు. అమరావతి స్తూపం శిల్పాలు తవ్వించి పంపిన ఎలియట్ ఆయనే. లాటిను పేరుకు అర్థం కూడా తిన్నగానే వున్నది, "పొట్టిముక్కుది" అని. విశాఖ రేవులో దొరికి, బర్మా నది పేరు పెట్టుకొని, ఒడిశా సరస్సులో కాపురం వుంటున్నది. మూడు చోట్లా బంధువులున్న మనవంటివాళ్ళకు యిది కొత్తగా తోచదు.

మేము ఉదయం ఎనిమిది గంటలకు పడవ ఎక్కాము. పదకొండుమందిమి గనుక రెండు పడవలు. మా పడవలో అత్తగారు, బావగారు, వదినగారు, మా యింట్లోవాళ్ళం. రేవు దాటి అరగంట పోయిన తరువాత ఎవరో దూరాన "అదిగో" అన్నారు. అంతే. ఆ కేక విన్న ప్రతి పడవా ముక్కు అటు తిప్పింది. లెక్కపెడితే ఏడు పడవలు ఆ ఒక్క చోటికి! జంతువు ఒకసారి వీపు చూపి మునిగింది. పడవలు అక్కడికి చేరేసరికి అది మరో వంద గజాలు అవతల తేలింది. మళ్ళీ అన్నీ అటు. ఒక పడవలో పడుచువాళ్ళు లేచి నిలబడి ఈలలు వేస్తున్నారు. మా బావగారికి కూడా ఉత్సాహం వచ్చి, సరంగుతో ఒడియాలో, "ఇంకా దగ్గరికి పోనీ భాయి, పైన రెండు వందలు ఎక్కువ యిస్తాము" అన్నారు.

ఆ సరంగు యాభై దాటినవాడు. తలగుడ్డ సర్దుకొని, "ఆజ్ఞా, తరిమితే అది మునుగుతుంది. డీజిలు ఖర్చు నాది, మునగడం దానికి ఖర్చులేని పని. మీరు సరేనంటే వేరేచోటికి తీసుకుపోయి ఇంజను ఆపుతాను. కాసేపు మాట్లాడకుండా కూర్చోవాలి. కాని ఆపిన తరువాత కనబడకపోతే నన్ను అనకూడదు" అన్నాడు. బావగారు మా ముఖం చూచారు. వదినగారు, "ఆపమనండి, ముందు నా చెవులకు పుణ్యం వుంటుంది" అన్నారు.

పడవల గుంపునుంచి బాగా ఎడంగా, సముద్రపు ముఖద్వారం వైపు కాలువలోకి తీసుకుపోయి ఇంజను ఆపాడు. మొదటి అయిదు నిమిషాలు ఏమీ లేదు. నీళ్ళు పడవకు తగిలే చప్పుడు, పైన పక్షులు, దూరాన వల లాగుతున్నవాళ్ళ మాటలు. పిల్లలు కదిలారు. బావగారు గడియారం చూచుకున్నారు. సరంగు చెయ్యి అడ్డంపెట్టి, "టికే రుహంతు" అన్నాడు, కొంచెం వుండండి అని. పది నిమిషాలు అయింది.

ముందు కనిపెట్టినది మా అత్తగారు. ఆమెకు రెండు కళ్ళకూ పొర. ఒక కంటికే ఆపరేషను అయింది. చూడడానికని కాదు, యింట్లో ఒక్కతే వుండలేకనే మాతో వచ్చారు. ఆవిడ తల పక్కకు తిప్పి, "ఎవరో ముక్కు చీదినట్లు వినబడలేదుటే?" అన్నారు. కోడళ్ళిద్దరూ నవ్వబోయారు. మళ్ళీ వినబడింది, "ఫుస్" మని. యీసారి అందరికీ. ఆవిడ వేలు చూపిన వైపు చూస్తే పడవకు పాతిక గజాల్లో ఒక గుండ్రని తల, తడిసిన కొబ్బరిబోండంలాగ, పైకి వచ్చి వున్నది. దాని వెనుక వీపు, చిన్న రెక్క. జారిపోయింది. మరి కాసేపటికి రెండు. ఒకటి పెద్దది, దాని డొక్కకు ఆనుకొని మూరెడు, రెండు మూరల పిల్ల. తల్లి ఊపిరి పెద్దగా, పిల్లది చిన్నగా, ఒకదాని వెంట ఒకటి. అట్లా ఇరవై నిమిషాలు మా చుట్టూనే మేత మేసుకుంటూ వున్నాయి. మొత్తం నాలుగని మేము, అయిదని మా పిల్లలు. బావగారి ఫోనులో మాత్రం నీళ్ళే వచ్చాయి, పదిహేడు ఫొటోలు. అత్తగారు కళ్ళు మూసుకొని, "యిది తల్లి, యిది పిల్ల" అని చెబుతూ కూర్చున్నారు. మేము చూచి సరిపోల్చుకుంటే ఒక్కసారి తప్ప అన్నీ సరిపోయాయి.

ఇంజను ఆపితే ఎందుకు వచ్చాయి అంటే దానికి కారణం వున్నది. చిల్కా నీరు బురదనీరు. కళ్ళతో చూచి చేపను పట్టడం అక్కడ సాగదు. డాల్ఫిన్ నీటిలో చిన్న చిన్న టిక్కుటిక్కు చప్పుళ్ళు చేసి, అవి చేపకో నేలకో తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వనిని బట్టి దారి, మేత తెలుసుకుంటుంది. గబ్బిలం చీకట్లో ఎగిరే పద్ధతే యిదీను. ఏడు ఇంజనులు ఒక్కసారి మోగితే దాని పరిస్థితి నడిబజారులో కళ్ళకు గంతలు కట్టి నిలబెట్టినట్లుంటుంది. చేప అయితే అడుగునే వుండిపోవచ్చును. కాని డాల్ఫిన్ చేప కాదు. మనలాగా ఊపిరితిత్తులున్న జంతువు, పిల్లను కని పాలిచ్చే జంతువు. భయం వేసినా సరే ఊపిరికోసం పైకి రాకతప్పదు. పైన రెక్కలు తిరుగుతూ వుంటాయి. గర్భం సుమారు పధ్నాలుగు నెలలు మోసి ఒక్క పిల్లనే కంటుంది. ఆ పిల్లకు ఇంజను దారినుంచి తప్పుకోవడం తల్లికి వచ్చినంత చక్కగా రాదు.

వీటి సంఖ్య యెంత అనుకున్నారు? యిటీవల ఏటేటా జరుగుతున్న లెక్కింపుల్లో చిల్కా అంతటా కలిపి నూట యాభై అటూ ఇటూగా వస్తున్నది. మన వీధిలో ఒక పెళ్ళికి వచ్చే జనం అంతకన్నా ఎక్కువ. సరస్సులో యీ డాల్ఫినులు స్థిరంగా వుండే చోట్లు ప్రపంచంలో రెండే. రెండోది థాయిలాండులోని సోంగ్‌ఖ్లా, అక్కడ బహు కొద్ది మిగిలాయి. మెకాంగ్ నదిలో లావోస్ సరిహద్దు మడుగులో వుండినవాటిలో చివరిది 2022లో చచ్చిపోయింది. దానికి వల చుట్టుకున్నది. వలలో చిక్కితే ఊపిరికి పైకి రాలేక మునిగి చావడమే వీటికి అన్నిచోట్లా పెద్ద గండం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టంలో వీటిని మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి యిచ్చిన రక్షణే వీటికీ యిచ్చారు.

చిల్కా జాతకం కూడా ఒకసారి పూర్తిగా తిరగబడి మళ్ళీ బాగుపడింది. సముద్రపు దారి ఇసుకతో పూడుకుపోతూ వచ్చి, ఉప్పు తగ్గి, కలుపు పెరిగి, చేప పడిపోయింది. అంతర్జాతీయ రామ్‌సర్ ఒడంబడిక జాబితాలో 1981లోనే చేరిన సరస్సును 1993లో ప్రమాదస్థితిలో వున్నవాటి పట్టికలోకి మార్చారు. 2000 సెప్టెంబరు 23న సతపడాకు దగ్గరలో కొత్త ముఖద్వారం తవ్వించారు. ఉప్పునీరు మళ్ళీ లోపలికి ఆడింది, రొయ్య, పీత, ఖైంగా తిరిగివచ్చాయి, 2002లో ఆ పట్టికలోనుంచి పేరు తీసివేశారు. వలలు, వెదురు తడికెలతో సరస్సును చెక్కలుగా కట్టేసుకొనే రొయ్యల ఘేరీల గొడవ వేరే కథ. చిల్కాకూ మన పులికాట్‌కూ వెయ్యి మీటర్ల లోపల రొయ్యల చెరువులు వుండరాదని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. ఘేరీలు అయినా పోలేదు. యిటీవలి సంవత్సరాల్లో పెద్దఎత్తున తొలగించిన తరువాత, 2020 లెక్కింపులో మన రంభ వైపున కూడా చాలా యేళ్ళకు డాల్ఫినులు కనబడ్డాయి.

అక్కడి జాలరులకు వీటిమీద పగ లేదు. డాల్ఫిన్ చేపల మందను తోలుకొని వచ్చినప్పుడు వలలోకి ఎక్కువ పడతాయని చెబుతారు. అది వున్నచోట చేప వున్నట్లు గుర్తు. మరి అదే ఊళ్ళవాళ్ళు సరంగులై వాటిని ఎందుకు తరుముతారు అని మా సరంగును అడిగాము. అతను పరాయివాళ్ళమీద నిష్ఠూరం వేయలేదు. తిరుగు ప్రయాణంలో, ఇంజను చప్పుడులో మా చెవి దగ్గరికి వంగి చెప్పిన మాట యిది: "చూపించకపోతే రేవులో కొట్లాట. మాకు కనబడలేదు, సగమే యిస్తాం అంటారు. పక్క పడవవాడు చూపించాడు, నువ్వు చూపించలేదు అంటారు. మేము ఏం చెయ్యాలి?" అతను చెప్పినది మేము రేవులో దిగుతూనే చూచాము. ఒక పెద్దమనిషి, చదువుకున్నవాడే, "రెండు వీపులు చూపించి యింత డబ్బా?" అని ఒక కుర్ర సరంగుమీద అరుస్తున్నాడు. ఆ కుర్రవాడు మర్నాడు ఏం చేస్తాడో ఊహించుకోవచ్చును. కనబడ్డ ప్రతి వీపు వెంటా పడవ పరిగెత్తిస్తాడు.

కాబట్టి తరమడం సరంగు బుద్ధికన్నా మన బేరంలోనే వున్నదని మా అభిప్రాయం. బేరం మారిస్తే పడవ తీరు మారుతుంది. మన సంఘం వెళ్ళినప్పుడు నలభైమందికి అయిదారు పడవలైనా కావాలి. ఆ అయిదారూ ఒక్క జంతువు చుట్టూ మూగితే మన వనభోజనం దానికి ఏమి అవుతుందో వేరే చెప్పనక్కరలేదు. పడవ ఎక్కేముందే సరంగుతో మూడు మాటలు ఒడియాలో స్పష్టంగా చెప్పాలని కార్యదర్శిగారికి మనవి చేశాము: కనబడినా కనబడకపోయినా కిరాయి పూర్తిగా యిస్తామని, పడవలు ఒకదానికొకటి ఎడంగా వుండాలని, జంతువు కనబడిన వెంటనే ఇంజను ఆపాలని. పైన ఏమైనా యివ్వదలచుకుంటే దగ్గరికి పోనిచ్చినందుకు గాక ఆగినందుకు యివ్వండి. మా బావగారు ఆ రెండు వందలూ అట్లాగే యిచ్చారు. ఆ సరంగు ఒకసారి లెక్కచూచుకొని, "డీజిలు కూడా మిగిలింది ఆజ్ఞా" అన్నాడు.

యిక కొన్ని చిల్లర సంగతులు. ప్రొద్దుటే ఎక్కడం మంచిది. మధ్యాహ్నం గాలి లేస్తే నీరు కదిలి రెక్క ఏదో అల ఏదో తెలియదు. శీతాకాలమైతే పక్షులు కూడా వుంటాయి. లైఫ్ జాకెట్టు అందరూ తొడుక్కోవాలి, చీరమీద బాగుండదని మా వదినగారివలె వాదించి లాభం లేదు. ముఖద్వారం దగ్గర ఇసుకతిన్నెమీద దింపినప్పుడు ఒకడు ఆలిచిప్ప తెచ్చి మీ యెదుటే పగలగొట్టి అందులోనుంచి ముత్యం తీసి చూపిస్తాడు. మీ అదృష్టం అంటాడు. ఆ అదృష్టం పక్క పడవవాళ్ళకు కూడా అదే సైజులో, అదే రంగులో పట్టడం మేము చూచాము. కొనకండి. రేవు దగ్గర హోటళ్ళలో రొయ్యలూ పీతలూ తాజాగా దొరుకుతాయి. శాకాహారులకు మాత్రం పులిహోర, పెరుగన్నం యింటినుంచి పట్టుకుపోవడమే శరణ్యం. జాన్హికుదా దారిన తిరిగి రాదలచినవారు దిగిన వెంటనే బల్లకట్టు చివరి ట్రిప్పు ఎన్ని గంటలకో అడిగి వుంచుకోవాలి. అది తప్పితే పూరీ చుట్టి రావడం తప్ప వేరే దారి లేదు.

కార్తికానికి పేర్లు యిచ్చేవారు దసరాలోగా యివ్వవలెనని కార్యదర్శిగారి మాట. పడవకు ఎంతమందో అప్పుడుగాని తేలదు.